ఎంత కొట్టావో చూసుకో

ఎక్స్‌రే గదిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా అక్క మనవడు బెజవాడలోనే ఇప్పుడు ఆ కోర్సు చదువుతున్నాడు. వాడికి చెప్పినవే ఇవి.

1. ఒరే, నీకు చీకటి గది తెలీదు, అదృష్టవంతుడివి. డెవలపర్ 20 డిగ్రీల దగ్గరుంటేనే బొమ్మ తేటగా వచ్చేది. మే నెలలో మనకు కుళాయి తిప్పితే వచ్చేవే వేడినీళ్లు! తొట్టి చుట్టూ ఐసుగడ్డలు వేసి, గడియారం చూసుకుంటూ ఫిల్ము కడిగేవాళ్లం. ఫిల్ము కడిగి వాడేసిన హైపో ద్రావణంలో వెండి ఉంటుందని కొనుక్కుపోయేవాళ్లు. ఫిల్ము మీద మిగిలి బొమ్మ కట్టేదీ వెండే.

2. ఆ ఫిల్ముకో మంచి గుణం ఉండేది. డోసు ఎక్కువైతే నల్లగా మాడిపోయి, డాక్టరు గారి ముందు నా పరువు తీసేది. డిజిటల్ ప్లేటు అలా కాదు. రెండింతలు కొట్టినా కంప్యూటర్ సర్దేసి, ఇంకా నున్నగా చూపిస్తుంది. తక్కువ కొడితేనే బొమ్మ గరుకుగా వస్తుంది. దాంతో కుర్రాళ్లకు తెలీకుండానే డోసు పెంచడం అలవాటైపోతుంది. బొమ్మ బాగుందని మురిసిపోకు, పక్కనుండే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ చూడు. పసిపిల్లలకు తీసేటప్పుడు మరీను.

3. ఆ ప్లేటులో సీజియం అయొడైడ్ స్ఫటికాలు సూదుల్లా ఒత్తుగా నిలబడి ఉంటాయి, ఆకుమడిలో వరినారులాగా. ఎక్స్‌రే తగిలితే వెలుగు పుట్టి, ఆ కాడల వెంటే కిందికి దిగుతుంది, పెద్దగా చెదరదు. అడుగున సిలికాన్ పొర దాన్ని కరెంటుగా మారుస్తుంది. ఈ స్ఫటికాలకు చెమ్మ పడదు, అందుకే సీలు.

4. మెళ్లో వేసుకునే టీఎల్‌డీ బ్యాడ్జీలో మూడు బిళ్లలుంటాయి. వాటిలో ఉండేది డిస్ప్రోషియం కలిపిన కాల్షియం సల్ఫేటు. రేడియేషన్ తగిలితే ఎలక్ట్రాన్లు కదిలి స్ఫటికంలోని లొసుగుల్లో ఇరుక్కుంటాయి. తర్వాత వేడి చేస్తే వెలుగు చిమ్ముతూ బయటపడతాయి. ఆ వెలుగును బట్టే మనకు తగిలిన డోసు లెక్క తేలుతుంది.

ఒకసారి నా లెక్క విపరీతంగా వచ్చింది. సంజాయిషీ అడుగుతూ కాగితం. రెండు రాత్రులు కునుకు లేదు. తీరా చూస్తే తప్పు నాదే. లెడ్ ఏప్రాన్‌తో పాటు బ్యాడ్జీనీ ఎక్స్‌రే గదిలోనే కొక్కేనికి తగిలించి భోజనానికి పోయేవాణ్ణి. నేను తినని డోసంతా అది తిన్నది.

5. లెడ్ ఏప్రాన్ మడత పెట్టకు, లోపల బీటలిస్తుంది. ఏప్రాన్ ఉంది కదాని దగ్గర నిలబడకు, దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతు.

6. ప్లేటులో వాడే స్ఫటికానికి ఇప్పుడంతా పెరోవ్‌స్కైట్ రకం అంటున్నారు. ఆ రకానిదే అయిన సీజియం లెడ్ బ్రోమైడ్ స్ఫటికం రేడియేషన్‌ను పట్టగలదని 2013లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. సీసం బరువైన పరమాణువు, ఎక్స్‌రేను గట్టిగా ఆపుతుంది. మధ్యలో వెలుగుతో పనిలేదు, నేరుగా కరెంటే. తక్కువ డోసుతో బొమ్మ వస్తుందని ఆశ. చిక్కేమిటంటే, వోల్టేజి పెట్టగానే లోపలి అయాన్లూ జరుగుతాయి, రీడింగు నిలకడగా ఉండదు. కొన్ని రకాలు చెమ్మకు పాడవుతాయి. ఎవరైనా కొత్త ప్లేటు తెచ్చి చూపిస్తే, మన ఉక్కపోతలో ఎన్నేళ్లు ఆగిందో అడుగు.

7. స్ఫటికాలంటే ఎక్కడో విదేశాల చదువనుకోకు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు రామన్ శిష్యులు. స్ఫటికాల సౌష్టవానికీ వాటి గుణాలకూ ఉన్న లంకె మీద 1966లో పుస్తకమే రాశారు. నూజివీడు మామిడిపండ్లకు నేను ఆ ఊరి మీదుగానే పోయేవాణ్ణి. ఈ ఏడు నువ్వే తేవాలి, నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. వాటి ఎక్స్‌రే కూడా నువ్వే తియ్యి. బొమ్మ తర్వాత, ముందు ఆ అంకె చూపించు.