సాతానుకు ఎంత బలం ఉంది? మనం ఎవరితో పోరాడాలి?



ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను. పోయిన వానాకాలంలో మన హాస్టల్లో ఒక చెల్లికి రాత్రిపూట జ్వరం ఎక్కువై ఏదేదో కేకలు పెట్టింది. దయ్యం పట్టిందని ఎవరో అన్నారు. అంతటితో ఆగలేదు. ఆమె పక్కన పడుకొనే అమ్మాయి వాళ్ళ అవ్వకు చిల్లంగి వచ్చని ఊళ్లో అంటారంట, అందుకని ఈ అమ్మాయి వల్లే వచ్చిందన్నారు. తెల్లారేసరికి ఆ అమ్మాయి చుట్టూ ఉన్న పెట్టెలన్నీ జరిగిపోయాయి. నేను కూడా జరిపాను. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే నేనే జరిపాను.

మేడమ్‌గారు ఆస్పత్రికి తీసుకెళ్తే రక్త పరీక్షలో మలేరియా అని తేలింది. మందులు వాడాక తగ్గింది. చెల్లి మళ్ళీ క్లాసుకు వస్తోంది. కానీ ఆ రెండో అమ్మాయి ఇప్పటికీ మూలన ఒక్కతే పడుకుంటోంది.

అందుకే సాతాను గురించి క్రైస్తవులు నిజంగా ఏమి నమ్ముతారో బైబిలు తీసి చూశాను. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. సెలవుల్లో అమ్మకు చదివి వినిపించాను. అర్థం కానివి పాస్టరమ్మగారిని అడిగాను. చర్చికి రానివాళ్ళు కూడా ఇది చదవవచ్చు. ఎవరినీ మతం మారమని రాయలేదు.

1. సాతాను అంటే ఎవరు?

సాతాను అనేది హెబ్రీ మాట. ఎదిరించేవాడు, నేరం మోపేవాడు అని అర్థం. తెలుగు బైబిలులో వాడికి అపవాది అని ఇంకో పేరు ఉంది. అపవాదు అంటే లేని నింద అని మన తెలుగు మాస్టారు చెప్పారు కదా. అంటే అపవాదులు వేసేవాడు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో వాడు రాత్రింబగళ్ళు మనుషుల మీద నేరం మోపుతూ ఉంటాడని ఉంది. యోహాను సువార్త 8వ అధ్యాయంలో యేసు వాణ్ణి అబద్ధానికి తండ్రి అన్నాడు. కొమ్ములు, తోక ఉన్నట్టు బొమ్మల్లో వేస్తారు గానీ బైబిలులో వాడి పెద్ద పని మాటలతోనే.

2. వాడి బలం ఎంత?

దేవుడు ఒకడు, సాతాను ఒకడు, ఇద్దరూ సమానం అని కొందరు అనుకుంటారు. క్రైస్తవులు అలా నమ్మరు. వాడు కూడా సృష్టింపబడినవాడే, దేవునికి ఎదురు తిరిగి పడిపోయినవాడు అని నమ్ముతారు. యోబు గ్రంథంలో సాతాను యోబు ఆస్తిని, పిల్లల్ని, ఆరోగ్యాన్ని పాడుచేశాడు. కానీ ప్రతిసారీ దేవుడు పెట్టిన హద్దు దాటలేకపోయాడు. ఆ కథలో ఇంకొకటి చూశాను. ముగ్గురు స్నేహితులు యోబును ఓదార్చడానికి వచ్చి, నువ్వు ఏదో తప్పు చేసి ఉంటావు, అందుకే ఇలా అయిందని వాదించారు. చివర 42వ అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడ్డాడు. అది చదివినప్పుడు నాకు మన పెట్టెలు గుర్తొచ్చాయి.

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసు 40 రోజులు ఉపవాసం ఉన్నాక సాతాను మూడుసార్లు శోధించాడు. రాళ్ళను రొట్టెలు చేసుకోమన్నాడు. దేవాలయం పైనుంచి దూకమన్నాడు. తనకు మొక్కితే రాజ్యాలన్నీ ఇస్తానన్నాడు. దూకమని చెప్పాడు గానీ తొయ్యలేదు. ఏదెను తోటలో కూడా పాము పండును హవ్వ నోట్లో పెట్టలేదు, మాట చెప్పింది అంతే. మనం ఒప్పుకుంటేనే వాడి పని జరుగుతుంది. యేసు సిలువ మీద చనిపోయి లేచినప్పుడే వాడు ఓడిపోయాడని క్రైస్తవుల నమ్మకం.

3. జబ్బు వస్తే దయ్యమేనా?

యేసు దయ్యాలను వెళ్ళగొట్టినట్టు సువార్తల్లో ఉంది. కానీ అదే మత్తయి 4వ అధ్యాయం చివర దయ్యం పట్టినవాళ్ళను, మూర్ఛ ఉన్నవాళ్ళను, పక్షవాతం వాళ్ళను వేరువేరుగా చెప్పారు. అంటే ప్రతి జబ్బూ దయ్యం కాదు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. క్యాథలిక్ సంఘంలో బిషప్పు అనుమతి లేకుండా ఫాదరు కూడా దయ్యం వెళ్ళగొట్టే ప్రార్థన చెయ్యకూడదు. 1999లో మార్చిన పద్ధతిలో అది జబ్బేమో ముందు చూడాలని ఉంది. మలేరియా దోమ వల్ల వస్తుందని 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనిపెట్టాడని సైన్సులో చదివాం. ఆ జ్వరం మెదడుకు ఎక్కితే మనిషి కలవరిస్తాడు, ఫిట్స్ కూడా వస్తాయి. ప్రార్థన చెయ్యండి, కానీ ఆస్పత్రికి ఆలస్యం చెయ్యకండి.

4. ఎలా ఎదిరించాలి?

ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు సంకెళ్ళలో ఉండి సైనికుడి సామాన్లతో పోల్చి చెప్పాడు. నేను వాటిని మన హాస్టలుకు ఇలా రాసుకున్నాను.

నడుముకు సత్యం: చూడనిది చూశానని చెప్పకూడదు.
రొమ్ముకు నీతి: నలుగురూ అన్నారని మనమూ అనకూడదు.
కాళ్ళకు సమాధాన సువార్త: గొడవ పడినవాళ్ళ దగ్గరికి ముందు మనమే నడవాలి.
చేతికి విశ్వాసం అనే డాలు: భయం బాణంలా వచ్చినప్పుడు అడ్డం పెట్టాలి.
తలకు రక్షణ: దేవుడు మనల్ని విడిచిపెట్టడని గుర్తుంచుకోవాలి.
కత్తి దేవుని వాక్యం: యేసు మూడుసార్లూ వాక్యంతోనే జవాబు చెప్పాడు.

వీటితోపాటు మానకుండా ప్రార్థించాలి. యాకోబు పత్రిక 4వ అధ్యాయంలో ముందు దేవునికి లోబడాలి, తర్వాత ఎదిరించాలి, అప్పుడు అపవాది పారిపోతాడని ఉంది. వరుస అదే.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఎఫెసీ 6లో 12వ వచనం. మన పోరాటం మనుషులతో కాదని దాని భావం. మా తాత చర్చికి రాడు, ఊరి దేవతకే మొక్కుతాడు. ఒకసారి ఎవరో ఆయన సాతాను మనిషి అంటే నాకు ఏడుపొచ్చింది. మరి అదే మాట నేను ఇంకొకరి అవ్వ మీద ఎలా నమ్మాను? మనం వేలు చూపించి ఫలానా మనిషి దయ్యం అంటే, ఆ అపవాది పని మనమే చేసినట్టు. ఆ రాత్రి మన హాస్టల్లో వాడు గెలిచింది జ్వరం వచ్చిన చెల్లి దగ్గర కాదు, పెట్టెలు జరిపిన మా దగ్గర.

నేను నిన్న నా పెట్టె తీసుకెళ్ళి ఆ అమ్మాయి పక్కన పెట్టుకున్నాను. తప్పయిపోయిందని చెప్పాను. తను ఏమీ అనలేదు, చాప కొంచెం జరిపి చోటిచ్చింది. ఆ వరుసలో ఇంకా నాలుగు చాపలకు చోటుంది.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి