వార్డు ఓటులో ఢిల్లీకి ఎంత చోటివ్వాలి?



స్థానిక ఎన్నికలు వచ్చినప్పుడు మన ఇంటికి వచ్చే కరపత్రాన్ని ఒకసారి శ్రద్ధగా చూడండి. పైభాగాన ఢిల్లీ నాయకుల బొమ్మలు, వాటి క్రింద హైదరాబాదు నాయకుల బొమ్మలు, అడుగున ఒక మూల మన వార్డు అభ్యర్థి బొమ్మ. మాటల వరుస కూడా అదే. దేశభద్రత, మతము, రిజర్వేషన్లు అన్నీ వస్తాయి. తాండూరులో బండల లారీలు లేపే దుమ్ము, వికారాబాద్ బస్తీలో నిండిపోయిన మోరీ, మూడు రోజులకోసారి వచ్చే నల్లా నీళ్ళు మాత్రం చివరి వరుసలో ఉంటాయి, లేదా అసలే ఉండవు.

క్రైస్తవ ఓటరుకు ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. 2023 మే నెలలో మణిపూరులో మొదలైన హింస, అక్కడ కాలిపోయిన దేవాలయాలు మన మనస్సును గాయపరచినవి. ఆ గాయముతో ఒకరు, "ఆ గుర్తు మీద దేవదూత నిలబడినా నేను వేయను" అంటారు. ఇంకొకరు, "ఊరి పనికి ఢిల్లీతో ఏమి సంబంధం? మనిషి మంచివాడైతే చాలు" అంటారు. ఇద్దరూ ఒకే విచారణవారు, ఒకే బెంచీ మీద కూర్చుండి పూజలో పాల్గొనేవారు. ఇద్దరిలో ఎవరిని కాదనాలి? తొందరపడి తీర్పు చెప్పకుండా, మెట్టు మెట్టుగా ఆలోచిద్దాము.

1. ఈ కుర్చీకి ఏ అధికారమున్నది?

మొదట అడగవలసినది ఇదే. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలకు రాజ్యాంగములో స్థానమిచ్చినవి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు పదకొండవ షెడ్యూలులోను, పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలు పన్నెండవ షెడ్యూలులోను ఉన్నవి. త్రాగునీరు, రోడ్లు, పారిశుధ్యము, వీధి దీపాలు, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, సమాధి స్థలాలు ఆ పన్నెండవ షెడ్యూలులోనివే. సరిహద్దులు, పౌరసత్వము, విదేశాలతో సంబంధాలు అందులో లేవు. కౌన్సిలరు ఎంత గొప్పవాడైనా వాటిని మార్చలేడు.

ఎన్నికల పద్ధతి కూడా ఒకే విధముగా ఉండదు. తెలంగాణలో సర్పంచు ఎన్నిక పార్టీల గుర్తులు లేకుండా జరుగుతుంది. బ్యాలెట్ మీద ఉంగరము, కత్తెర వంటి గుర్తులే ఉంటాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ, పురపాలక ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. ఊరి మొదటి మెట్టులో పార్టీ గుర్తు ఉండరాదని చట్టమే అనుకున్నప్పుడు, ఆ మెట్టు మీద మనము మనిషిని చూచి ఓటు వేయడము తప్పు ఎలా అవుతుంది?

2. ఓటరుకు తేడా తెలుసు

"జనానికి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయి? అంతా ఒకే గాలి" అనే మాట వింటుంటాము. మన ప్రాంతమే దానికి జవాబు చెప్పినది. వికారాబాద్, తాండూరు రెండూ చేవెళ్ళ లోక్‌సభ నియోజకవర్గములో ఉన్నవి. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో చేవెళ్ళ పరిధిలోని ఏడు స్థానాలలో నాలుగు బి.ఆర్.ఎస్.కు, వికారాబాద్, తాండూరు, పరిగి ఈ మూడు కాంగ్రెసుకు దక్కినవి. బి.జె.పి.కి ఒక్కటీ రాలేదు. ఐదున్నర నెలలకు, 2024 మే 13న, అవే ఏడు స్థానాల ఓటర్లు కలిసి ఓటు వేస్తే గెలిచినది బి.జె.పి. ఈ తీర్పులలో ఏది మంచిదో చెప్పడము ఈ పాఠము పని కాదు. ఒకే ప్రాంత ప్రజలు రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఇవ్వగలరు అన్నదే ఇక్కడ గమనించవలసిన సంగతి.

మరొక సంఘటన కూడా గుర్తు చేసుకోదగినది. 2014లో ఉమ్మడి రాష్ట్రములో మార్చి 30న పురపాలక ఎన్నికలు, ఏప్రిల్ 6, 11 తేదీలలో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు జరిగినవి. లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు వాటి వెనుకనే ఉన్నవి. చిన్న ఎన్నికల ఫలితము ముందే తెలిస్తే పెద్ద ఎన్నికల ఓటరు మనస్సు దాని వైపు మొగ్గుతుందని వాదన వచ్చినది. విషయము సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. చివరకు పోలింగు అంతా ముగిసిన తరువాతనే, మే 12, 13 తేదీలలో, స్థానిక ఓట్లను లెక్కించినారు.

పెద్ద ఎన్నికను చిన్న ఎన్నిక నీడ నుండి కాపాడుటకు న్యాయస్థానము ఉన్నది. చిన్న ఎన్నికను పెద్ద ఎన్నిక నీడ నుండి కాపాడేది ఎవరు? ఓటరు తప్ప వేరెవరూ లేరు.

3. ఢిల్లీ నిజముగానే ఊరిలోకి వచ్చినప్పుడు

అయితే ఢిల్లీకి ఊరితో సంబంధమే లేదనుట కూడా పొరపాటు. వికారాబాద్ జిల్లా పూడూరు మండలములోని దామగుండము అడవినే తీసుకోండి. అక్కడ సుమారు 2,900 ఎకరాలలో నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేసినారు. దేశరక్షణకు అవసరమని కొందరు, అడవి పోతుందని కొందరు వాదించినారు. దాన్ని ఆపుట గాని, తెచ్చుట గాని సర్పంచు చేతిలో లేదు. కాని ప్రజల కష్టాన్ని గ్రామసభలో చర్చకు పెట్టి, తీర్మానము చేసి, పై అధికారులకు పంపడము అతని చేతిలోనే ఉన్నది. కాబట్టి "నేను గెలిస్తే ఆపిస్తాను" అనేవానిని గాక, "మీ మాటను పైవారి ముందు పెడతాను" అనేవానిని నమ్మండి.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ దళిత క్రైస్తవుల సమస్య. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా విస్తరించినది. మనవారిని మాత్రం బి.సి. సి వర్గములో ఉంచినారు. అందువల్ల ఎస్.సి.కి కేటాయించిన వార్డులో వారు పోటీ చేయలేరు. ఆ బాధ వార్డులోనే తెలుస్తుంది, దాని మందు మాత్రము వార్డులో లేదు. మార్చవలసినది పార్లమెంటు. ఆ ప్రశ్నను ఎం.పి. అభ్యర్థిని నిలదీసి అడగాలి. కౌన్సిలరు మీద ఆ కోపము తీర్చుకుంటే పార్లమెంటుకు ఏమీ వినబడదు.

"పై ప్రభుత్వ పార్టీవానిని గెలిపిస్తేనే నిధులు వస్తాయి" అనే మాట కూడా ఉన్నది. కొన్ని నిధుల విషయములో ఆ బెదిరింపు నిజము కావచ్చును గాని, అన్నీ అట్లా రావు. ఆర్థిక సంఘము గ్రాంట్లు ప్రధానముగా జనాభా లెక్కన వచ్చేవి. వాటికి అడ్డు వచ్చినది పార్టీ రంగు కాదు, ఎన్నికైన పాలకవర్గము లేకపోవుట. తెలంగాణ సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే, మళ్ళీ ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. ఆ మధ్యకాలములో గ్రామాలను నడిపినది ప్రత్యేకాధికారులు. ఎన్నికైనవారు లేరని 15వ ఆర్థిక సంఘము నిధులు నిలిచిపోయినవి.

4. మనిషిని ఎలా కొలవాలి?

నిర్గమ కాండము 18వ అధ్యాయములో మోషే ఒంటరిగా ఉదయము నుండి సాయంత్రము దాకా తగవులు తీరుస్తూ అలసిపోతాడు. మామ యిత్రో వచ్చి, సమర్థులు, దైవభీతి గలవారు, నమ్మదగినవారు, లంచమును ద్వేషించేవారు ఎవరో చూచి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి నాయకులుగా నియమించుమని సలహా ఇస్తాడు. వేయిమంది నాయకునికి ఒక కొలత, పదిమంది నాయకునికి ఇంకొక కొలత అని యిత్రో చెప్పలేదు. మన వార్డు సభ్యుడు ఆ పదిమంది నాయకుని వంటివాడే.

పార్టీ సంగతి ఇక్కడ మరల వస్తుంది. కౌన్సిలరు గెలిచిన తరువాత ఛైర్మను ఎన్నికలో పార్టీ విప్‌కు కట్టుబడవలసి ఉంటుంది. కాబట్టి గుర్తును పూర్తిగా మరచిపోలేము. కాని పార్టీని ఊరికి వర్తించే ప్రశ్నలతో పరీక్షించండి. ఈ అభ్యర్థి అన్ని మతాల బస్తీలకూ ఒకే విధముగా నల్లా వేయిస్తాడా? సమాధుల తోటకు దారి అడిగితే, మసీదు ముందు దీపము అడిగితే, గుడి వీధిలో మోరీ అడిగితే ఒకే ముఖముతో వింటాడా? పార్టీ పెద్దలు ద్వేషము మాట్లాడినప్పుడు వీధిలో చప్పట్లు కొట్టినాడా, లేక పొరుగువాని ఇంటికి వెళ్ళి ధైర్యము చెప్పినాడా? ద్వేషాన్ని వార్డులోకి మోసుకొచ్చేవాడు ఎంత మంచి రోడ్డు వేయించినా నమ్మదగినవాడు కాదు. అదే పార్టీలో ఉండి, ఇరవై ఏళ్ళుగా అందరి కష్టములో నిలబడినవానిని, ఢిల్లీలో ఎవరో అన్న మాటకు శిక్షించుట న్యాయము కాదు.

పై ఇద్దరిలో మొదటివారి గాయము నిజమైనది, రెండవవారి మాటలోనూ వివేకమున్నది. గాయాన్ని ప్రశ్నగా మార్చి అభ్యర్థి ముందుంచితే ఇద్దరి దారులు కలుస్తాయి.

5. శ్రీసభ చెప్పేది, చెప్పనిది

ఓటు హక్కును స్వేచ్ఛగా, సర్వజన శ్రేయస్సు కొరకు వినియోగించుకొనుట పౌరుల హక్కు, బాధ్యత కూడా అని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించినది. చిన్న సమాజము చేయగలిగిన పనిని పెద్ద సమాజము లాగుకొనరాదని 11వ భక్తినాథ పోపుగారు 1931లోనే చెప్పినారు. ఏ గుర్తుకు వేయాలో మాత్రము శ్రీసభ చెప్పదు. గురువులు పార్టీలలో క్రియాశీలముగా పాల్గొనరాదని శ్రీసభ చట్టమే సాధారణ నియమముగా పెట్టినది. "స్వాములవారు ఫలానా గుర్తు అన్నారట" అని ఎవరైనా చెవిలో చెబితే, ఆ మాటను అక్కడే ఆపండి. ఎంచుకొనవలసినది మీ అంతరాత్మ. దానికి తగిన సమాచారము ఇచ్చుకొనవలసినదీ మీరే.

కుటుంబములోను, సంఘ కూటములలోను చర్చించుటకు:

1. మన వార్డులో లేక గ్రామములో ముఖ్యమైన మూడు సమస్యలు ఏవి? వాటిలో ఏది స్థానిక సంస్థ చేతిలో ఉన్నది, ఏది రాష్ట్రము చేతిలో, ఏది కేంద్రము చేతిలో?

2. క్రిందటిసారి మనము ఓటు వేసినవారు చెప్పిన మాటలలో ఏవి నెరవేరినవి?

3. ఇంటికి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీవారైనా సరే, మనమందరము కలిసి అడుగదగిన ఒక్క ప్రశ్న ఏది?