సూర్యాపేటా, కోదాడా, మిర్యాలగూడా? ట్రాక్టరు కదలకముందే లెక్క తేల్చుకోండి

వడ్లు కోసినంక రైతుకు వచ్చే మొదటి ప్రశ్న: ట్రాక్టరు ఏ ఊరి దారి పట్టాలి? ఎకరం, రెండెకరాల రైతుకు ఏడాదికి రెండు ట్రాలీల సరుకు వస్తే ఎక్కువ. ఆ రెండు ట్రాలీలు ఏ గేటు ముందు ఆగుతాయన్న దాని మీదనే ఎరువుల బాకీ తీరడం, తీరకపోవడం ఆధారపడి ఉంటుంది. చాలామంది "పక్కాయన ఎటు పోతే నేనూ అటే" అని బండి తోలుతున్నారు. పక్కాయన వడ్లలో నెమ్ము వేరు, మీ వడ్లలో నెమ్ము వేరు. ఆయన అవసరం వేరు, మీ అవసరం వేరు. అందుకే ఈ వారం మన చుట్టూ ఉన్న మూడు పట్నాల సంగతి, అక్కడ అమ్మేటప్పుడు వేసుకోవలసిన లెక్క చెప్పుకుందాం.

ఏ ఊరు ఎట్లా పెరిగింది?

ఒకప్పుడు నల్లగొండ జిల్లా అంటే ఆముదాలు, జొన్నలు, సజ్జల జిల్లా. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది రాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు సాగింది. నీళ్లు వచ్చిన చోట వరి వచ్చింది, వరి వెంట మిల్లు వచ్చింది.

మిర్యాలగూడకు కాలువతో పాటు బీబీనగర్–నడికుడి రైలు మార్గం కూడా కలిసొచ్చింది. వడ్లు దగ్గరలోనే దొరకడం, బియ్యం రైలు మీద, లారీ మీద దూరం పోవడం సులువు కావడంతో అక్కడ రైస్ మిల్లులు గుంపుగా వెలిశాయి. కాబట్టి మిర్యాలగూడ అంటే మిల్లుల ఊరు. అక్కడ మీ సరుకు నేరుగా మిల్లుకే పోతుంది.

సూర్యాపేట సంగతి వేరు. ఆ ఊరికి రైలు లేదు, హైదరాబాదు–విజయవాడ రహదారి ఉంది. హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్ల దూరం. చుట్టుపక్కల మూసీ ప్రాజెక్టు కింద కొంత, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ కింద కొంత, బోర్లు, బావుల కింద కొంత సాగు అవుతుంది. అందుకని ఇక్కడికి ఒక్క వరే కాదు, పెసలు, కందులు వంటి మెట్ట పంటలూ వస్తాయి. రకరకాల సరుకు, కొద్దికొద్దిగా తెచ్చే రైతులు ఉన్న చోట మార్కెట్ యార్డు బలపడుతుంది. సూర్యాపేట అంటే యార్డు ఊరు.

కోదాడ అదే రహదారి మీద చివరి పెద్ద ఊరు. అటు మిర్యాలగూడ మీదుగా జడ్చర్ల రోడ్డు, ఇటు ఖమ్మం రోడ్డు కలిసే కూడలి. 2014 జూన్ 2న రాష్ట్రం వేరుపడ్డంక అది సరిహద్దు పట్నం అయింది. అవతల జగ్గయ్యపేట ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. కోదాడలోనూ మిల్లులు ఉన్నాయి. కానీ ఇక్కడి రైతు చూపు రెండు వైపులా ఉంటుంది. సన్న వడ్లైతే మిర్యాలగూడ వైపు, మిర్చి అయితే ఖమ్మం మార్కెట్ వైపు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. కోదాడ రైతు మిర్యాలగూడ పోయి అమ్మితే, అక్కడ తూకంలో తేడా వచ్చినా, పైసలు ఆగినా చెప్పుకోవలసింది నల్లగొండ జిల్లా అధికారులకు. మన కలెక్టరాఫీసుకు పోతే "అది మా జిల్లా కాదు" అన్న మాట రావచ్చు.

నెమ్ము లెక్క: అసలు కీలకం ఇదే

కొనుగోలు కేంద్రంలో (ఐకేపీ మహిళా సంఘాలవైనా, సహకార సంఘానివైనా) వడ్ల తేమ 17 శాతానికి మించకూడదు. హార్వెస్టరుతో కోసిన వడ్లు చాలా వరకు 20 నుంచి 25 శాతం నెమ్ముతో ఉంటాయి. మిర్యాలగూడ మిల్లుల్లో ఆరబెట్టే యంత్రాలు ఉండటం వల్ల అక్కడ పచ్చి వడ్లనే పొలం నుంచి తెచ్చి అమ్ముతారు. అయితే పచ్చి వడ్ల ధరను, ఆరిన వడ్ల ధరను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. ఎందుకంటే ఆరబెడితే బరువు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? 25 శాతం నెమ్ము ఉన్న క్వింటాలు వడ్లలో నీళ్లు 25 కిలోలు, గట్టి సరుకు 75 కిలోలు. ఆరబెట్టినా ఆ 75 కిలోలు ఎటూ పోవు. 17 శాతానికి వచ్చేసరికి ఆ 75 కిలోలు మొత్తం బరువులో 83 పాళ్లు అవుతాయి. 75ను 83తో భాగించి వందతో గుణిస్తే 90 కిలోల 400 గ్రాములు. అంటే క్వింటాలుకు తొమ్మిదిన్నర కిలోలకు పైగా నీరే పోతుంది.

2025–26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369 రూపాయలు. ఏ గ్రేడు ధరను లెక్కలోకి తీసుకుంటే పచ్చి వడ్లకు సమానమైన ధర ఇట్లా వస్తుంది:

నెమ్ము 20 శాతం: క్వింటాలు ఆరితే 96 కిలోల 400 గ్రాములు. సమానమైన పచ్చి ధర 2,303 రూపాయలు.
నెమ్ము 22 శాతం: ఆరితే 94 కిలోలు. సమానమైన పచ్చి ధర 2,245 రూపాయలు.
నెమ్ము 25 శాతం: ఆరితే 90 కిలోల 400 గ్రాములు. సమానమైన పచ్చి ధర 2,159 రూపాయలు.
నెమ్ము 28 శాతం: ఆరితే 86 కిలోల 750 గ్రాములు. సమానమైన పచ్చి ధర 2,072 రూపాయలు.

ఈ నాలుగు వరుసలు కత్తిరించి ఇంట్లో గోడకు అంటించుకోండి. మద్దతు ధర మారినప్పుడు కొత్త ధరతో మళ్లీ గుణించుకుంటే చాలు. ఆరబెట్టే ఖర్చు, వాన భయం ఉన్నాయి కాబట్టి పచ్చి ధర దీనికంటే కొంచెం తక్కువ ఉన్నా నష్టం లేదు. బాగా తక్కువ ఉంటే మాత్రం ఆలోచించాలి.

నోటి ధర వేరు, చేతి ధర వేరు

ఒక లెక్క చూద్దాం. మీ దగ్గర 25 శాతం నెమ్ముతో 50 క్వింటాళ్లు ఉన్నాయనుకోండి. మిల్లు దగ్గర క్వింటాలు 2,100 అన్నారనుకోండి. (ఇది లెక్క కోసం అనుకున్న ధరే.) 50 క్వింటాళ్లకు 1,05,000 రూపాయలు రావాలి.

తూకం అయినంక "తరుగు క్వింటాలుకు రెండు కిలోలు" అంటే ఒక క్వింటాలు పోయింది. అంటే 2,100 రూపాయలు పోయినట్టు. "పైసలు ఇప్పుడే కావాలంటే వందకు రెండు రూపాయలు కోత" అంటే మరో 2,058 రూపాయలు పోయాయి. మిగిలింది 1,00,842. నోటితో చెప్పిన ధర 2,100, చేతికి వచ్చిన ధర 2,017. ఇంకా ట్రాక్టరు కిరాయి, హమాలీ ఇందులో తీయలేదు.

అవే వడ్లు ఆరబెట్టి కేంద్రానికి తీసుకుపోతే, రాలింది పోను 45 క్వింటాళ్లు నికరమనుకోండి. ఏ గ్రేడు ధరకు 1,07,505 రూపాయలు. పట్టాల కిరాయి, కూలీలకు నాలుగు వేలు తీసేసినా 1,03,505 మిగులుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. తరుగు, కోత లేకుండా మిల్లు 2,100 ఇస్తే మిల్లే మేలు, 1,495 రూపాయలు ఎక్కువ. తరుగు, కోత పడితే కేంద్రమే మేలు, 2,663 రూపాయలు ఎక్కువ. అంటే లాభనష్టాలు ఊరిలో లేవు, ధరలో కూడా పూర్తిగా లేవు. ఆ రెండు కిలోల తరుగులో, ఆ రెండు శాతం కోతలో ఉన్నాయి. అందుకే "ధరెంత?" అని ఒక్క ప్రశ్నతో ఆగవద్దు. "తరుగెంత? కోత ఎంత? పైసలు ఎన్నాళ్లకు?" అని నాలుగూ బండి కదలకముందే ఫోనులో అడగాలి. నెమ్ము చూసే ధర తగ్గించినంక, మళ్లీ నెమ్ము పేరుతో తరుగు తీయడం అంటే ఒకే దానికి రెండుసార్లు కోయడం. ఆ మాట నెమ్మదిగానే అయినా అడగవలసిందే.

సన్న వడ్ల రైతులు ఇంకో లెక్క కలుపుకోవాలి. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాల్లో అమ్మిన సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. 45 క్వింటాళ్లకు అది 22,500 రూపాయలు. మీ రకం సన్నాల జాబితాలో ఉందా, ఈ సీజనుకు బోనస్ ఎట్లా ఇస్తున్నారు అన్నది కోతకు ముందే వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి తెలుసుకోండి. పంట నమోదులో మీ పేరు, రకం సరిగా ఎక్కాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. నమోదులో లేని పంటకు కేంద్రంలో ఇబ్బంది తప్పదు.

ఎవరికి ఏ దారి మేలు?

ఆరబెట్టుకునే కల్లం, పట్టాలు, ఇంట్లో ఇద్దరు మనుషులు ఉన్నవాళ్లకు ఊళ్లోని కేంద్రమే మొదటి దారి. కిరాయి కలిసొస్తుంది, పైసలు ఖాతాలో పడతాయి.

కల్లం లేదు, మబ్బు పట్టింది, వడ్లు సన్నాలు. అప్పుడు మిల్లు దారి తప్పు కాదు. తడిసి మొలకెత్తిన వడ్లకు ఎక్కడా ధర రాదు. కేంద్రం ప్రమాణాల్లో చెడిన, రంగు మారిన, మొలకెత్తిన గింజలన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. అయితే ట్రాక్టర్లు బారులు తీరిన రోజు పోవద్దు. కాలువ కింద అందరి నాట్లు ఒకేసారి పడతాయి కాబట్టి కోతలూ ఒకేసారి వస్తాయి. 2020 వానాకాలం పంటకు మిర్యాలగూడ మిల్లుల ముందు రద్దీ తట్టుకోలేక రైతులకు టోకెన్లు ఇవ్వవలసి వచ్చింది. రాత్రంతా మిల్లు ముందు నిలిచిన పచ్చి వడ్లు వేడెక్కి రంగు మారతాయి. పొద్దున బేరం ఆడే బలం రైతుకు ఉండదు. ఒక ఊరి రైతులు మాట్లాడుకుని కోతలను నాలుగైదు రోజుల తేడాతో పెట్టుకుంటే హార్వెస్టరు కిరాయి దగ్గర, మిల్లు దగ్గర రెండుచోట్లా మేలే.

సరుకు కొద్దిగా ఉంది, లేక పెసలు, కందులు ఉన్నాయి. అప్పుడు సూర్యాపేట యార్డు. నాలుగు బస్తాలు తెచ్చినా యార్డులో లాటు నంబరు ఇస్తారు, వేలంలో పెడతారు. జాతీయ మార్కెట్ విధానం (ఈ-నామ్) ఉంది కాబట్టి ధర కాగితం మీదకు వస్తుంది. ధర నచ్చకపోతే కాంటా కాకముందే వద్దనే హక్కు మీకుంది. కాంటా అయినంక తక్‌పట్టీ తీసుకోకుండా గేటు దాటవద్దు. మార్కెట్ ఫీజు కట్టవలసింది కొన్నవాళ్లే, రైతు కాదు. తేడా వస్తే అక్కడే మార్కెట్ కార్యదర్శికి చెప్పండి. సరుకు ఎక్కువైన రోజుల్లో, పండుగలకు యార్డుకు సెలవు ఇస్తారు. ఫోను చేసి కనుక్కున్నాకే బయలుదేరండి.

కోదాడ వైపు సరిహద్దు ఊళ్ల రైతులకు ఒక మాట. పక్క రాష్ట్రం వడ్లు ఇక్కడి కేంద్రాల్లోకి రాకుండా సీజనులో చెక్‌పోస్టులు పెట్టి బండ్లు ఆపుతుంటారు. పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆధార్ నకలు ట్రాక్టరులోనే ఉంచండి. కౌలు రైతులు భూమి యజమాని కాగితం నకలు ముందే తీసిపెట్టుకోవాలి.

బండి ఎక్కించే ముందు

కోతకు పది రోజుల ముందే మడిలో నీళ్లు తీసేయండి. నెమ్ము అక్కడే రెండు మూడు శాతం తగ్గించుకోవచ్చు.

ఆరబోసేటప్పుడు అంగుళం, అంగుళంన్నర మందానికి మించకుండా పరిచి, అరగంటకోసారి కాళ్లతోనో పలకతోనో తిప్పండి. యాసంగి ఎండల్లో మిట్టమధ్యాహ్నం కుప్ప చేసి కప్పడం మంచిది. మరీ ఎండితే గింజ లోపల పగిలి మిల్లులో నూక అవుతుంది. రాత్రి మంచుకు తప్పక కప్పాలి. పెద్ద రోడ్ల మీద ఆరబోయవద్దు. బండ్ల కింద గింజ నలుగుతుంది, చీకట్లో వచ్చే మోటారు సైకిలు మనిషి ప్రాణం పోతుంది.

తూర్పార పట్టి తాలు, మట్టి తీసేయండి. మట్టి, రాళ్లు ఒక శాతం, తాలు, గడ్డి వంటివి ఒక శాతం దాటితే కేంద్రంలో వెనక్కు పంపవచ్చు.

తేమ పరీక్షకు కుప్ప పైనుంచే కాదు, మధ్య నుంచి, అడుగు నుంచి కూడా గింజలు తీసి కలపండి. ఊళ్లో కేంద్రం మిషను మీద చూసుకుని ఆ అంకె రాసుకుని పోతే, ఎక్కడికి పోయినా మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

మిల్లుకు తీసుకుపోతే నిండు బండి, ఖాళీ బండి రెండు తూకాలూ బయటి వేబ్రిడ్జి మీద వేయించి చీటీలు దాచండి. ఆ చీటీకి పెట్టిన ఖర్చు వృథా కాదు.

మూడు పట్నాలు మన చుట్టూ ఉండటం మనకు కలిసొచ్చిన సంగతే. ఒక చోట ధర నచ్చకపోతే ఇంకో చోటికి పోవచ్చు. కానీ ఆ వీలు వడ్లు మన కల్లంలో ఉన్నంత సేపే. వంద క్వింటాళ్ల ఆసామి ఒక లోడు పోగొట్టుకుని ఇంకో లోడు మీద సర్దుకుంటాడు. రెండెకరాల రైతుకు ఉన్నది ఆ ఒక్క లోడే. కాబట్టి నెమ్ము అంకె, నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకున్నాకే ట్రాక్టరు వానికి ఫోను చేయండి.