చెవితో చదువుట : ఒక మనుష్యుడు, అతని కుక్క

చదువవలసిన వాక్యభాగములు : నెహెమ్యా 8:1–12, 2 సమూయేలు 12:1–7, సామెతలు 12:10



యెరూషలేములో నీటి గుమ్మము ఎదుటనున్న వీధిలో ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రమును చదివెను. పురుషులును స్త్రీలును నిలిచి వినిరి. గ్రంథము ఎజ్రా చేతిలో ఉండెనే గాని వినువారి చేతులలో లేదు. అయినను వారు గ్రహించిరి, గ్రహించి యేడ్చిరి. ఐతియొపీయుడైన మంత్రి తన రథములో యెషయా గ్రంథమును చదువుచుండగా ఫిలిప్పు దానిని వినెనని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో చూచుచున్నాము. ఆ దినములలో ఒంటరిగా చదువుకొనువారు సహితము బిగ్గరగానే చదువుకొనిరని దీనివలన తెలియుచున్నది. పౌలు వ్రాసిన పత్రికలను సంఘములలో చదివి వినిపించిరి. కాబట్టి పుస్తకమును చెవితో చదువుట నేటి నాగరికత తెచ్చిన వింత కాదు. అది మిక్కిలి ప్రాచీనమైన అలవాటు.

మన తెలుగు గ్రామములకును ఇది తెలియని సంగతి కాదు. ఒగ్గుకథయు బుర్రకథయు రాత్రియంతయు విని, తెల్లవారిన తరువాత పొలమునకు పోయిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. రేడియో నాటకము వచ్చు వేళకు ఇరుగుపొరుగువారందరు ఒక్క యింటి అరుగుమీద చేరిన దినములు కూడ వారికి జ్ఞాపకమే. ఈ మాసము వినుటను గూర్చియు, ఒక మనుష్యునికిని అతని కుక్కకును సంబంధించిన నవలను గూర్చియు ధ్యానింతము.

1. చెవికి అందిన పుస్తకము

పుస్తకమును ఒకరు చదువగా ధ్వనిముద్రణ చేసి యితరులకు వినిపించు పని మొదట అంధుల నిమిత్తము పెద్దయెత్తున జరిగెను. 1934లో అమెరికాలో అంధులకొరకు 'మాటలాడు పుస్తకములు' తయారాయెను. మొట్టమొదటి వాటిలో కీర్తనల గ్రంథమును నాలుగు సువార్తలును ఉండుట మనము సంతోషముతో తెలిసికొనదగిన విషయము. 1935లో ఇంగ్లండులోను ఆ పని ఆరంభమాయెను. మొదటి ప్రపంచ యుద్ధములో చూపు పోగొట్టుకొనిన సైనికులకు అది గొప్ప ఆదరణ యాయెను. కన్నులు లేనివారికొరకు ప్రేమతో సిద్ధపరచిన దానిని నేడు కన్నులున్నవారును అనుభవించుచున్నారు. 2005లో ఆరంభమైన లిబ్రివాక్స్ అను సేవలో, రచయిత హక్కుల గడువు తీరిన పుస్తకములను స్వచ్ఛందముగా చదువువారు చదివి, ఎవరైనను ఉచితముగా వినునట్లు ఉంచుచున్నారు.

హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములను చూచినవారికి ఈ అలవాటు ఎంతగా వ్యాపించినదో తెలియును. 2017 నవంబరులో మియాపూరు నుండి అమీర్‌పేట మీదుగా నాగోలు వరకును, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగరు వరకును మెట్రో రైలు నడువనారంభించెను. రెండు మార్గములు అమీర్‌పేటలో కలియును. ఎర్ర మార్గములో దాని తరువాతి స్టేషను పంజగుట్ట. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకొను మన పల్లెల బిడ్డలు హాస్టళ్లలో నివసించుచు, ఈ రైళ్లలో తిరుగుచున్నారు. వారి చెవులలో ఇయర్‌ఫోన్లు ఉండును. కొందరు పాటలు విందురు, కొందరు పాఠములు విందురు, కొందరు కథలు విందురు.

2. కథ యేమనగా

జాక్ లండన్ (1876–1916) అను అమెరికా రచయిత 1897లో బంగారము వెదకువారితో కూడ ఉత్తరమున మంచుదేశమైన క్లాండైకుకు వెళ్లెను. బంగారము దొరకలేదు, చిగుళ్లు చెడు స్కర్వీ వ్యాధితో తిరిగి వచ్చెను. అయితే అక్కడ చూచిన కుక్కలను అతడు మరువలేదు. 1903లో ప్రకటించిన 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' అను చిన్న నవలకు ఆ అనుభవమే ఆధారము. అందులో ఏడు అధ్యాయములున్నవి. మూడు నాలుగు గంటలలో విని ముగింపవచ్చును.

బక్ అను పెద్ద కుక్క కాలిఫోర్నియాలో ఒక న్యాయాధిపతి యింట సుఖముగా పెరుగుచుండెను. తోటమాలి సహాయకుడొకడు జూదపు వ్యసనము చేత దానిని దొంగిలించి అమ్మెను. ఎర్ర స్వెట్టరు తొడిగిన మనుష్యుడొకడు దుడ్డుకర్రతో కొట్టి దానిని లోబరచెను. పెరో అను టపా మోయువాడు మూడు వందల డాలర్లకు దానిని కొని, మంచుమీద జారు బండికి కట్టెను. ఆ బండ్లను కుక్కలే లాగును. చేతులు మారి మారి, చివరకు తెలివిలేని యజమానుల పాలబడి, ఆకలితోను దెబ్బలతోను అది చావునకు సిద్ధమైనప్పుడు, జాన్ థార్న్‌టన్ అనువాడు అడ్డముగా వచ్చి దాని పగ్గములను కత్తితో కోసి విడిపించెను. దానిని కొట్టినవారు మాత్రము అతని హెచ్చరిక వినక ముందుకు పోయి, మంచు విరిగి నీటిలో మునిగిరి.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. మూడు వందల డాలర్లిచ్చిన వానికి బక్ పని చేసెను. ఒక్క డాలరైనను ఇయ్యక, తన మీదికి కత్తి యెత్తిన వానికి ఎదురు నిలిచి విడిపించిన వానిని అది ప్రేమించెను. నది సుడిలో కొట్టుకొని పోవుచున్న అతనిని రక్షించెను. వెయ్యి పౌనుల బరువును, అనగా సుమారు 450 కిలోలను, నూరు గజములు లాగి అతనికి పదునారు వందల డాలర్ల పందెము గెలిచి పెట్టెను. అప్పుడొక ధనికుడు పన్నెండు వందలిచ్చెదనని అడిగినను థార్న్‌టన్ దానిని అమ్మలేదు. కథ మొదటిలో ఒకడు కుక్కను అమ్మి జూదము తీర్చుకొనెను. తుదిలో ఒకడు ధనమును త్రోసివేసి కుక్కను ఉంచుకొనెను. అంతలో, బక్ వేటకై అడవిలో ఉన్న సమయమున, శత్రువులు థార్న్‌టన్‌ను చంపిరి. తరువాత బక్ తోడేళ్లతో కలిసిపోయెను. అయితే ఏటేట ఆ లోయకు ఒంటరిగా వచ్చి కొంతసేపు నిలుచునని రచయిత చెప్పి ముగించును.

మేమును దీనిని వింటిమి. సంఘములోని ఒక రోగికి తోడుగా పంజగుట్టకు వచ్చి, వైద్యశాల వసారాలో కూర్చుండిన వేళ వింటిమి. కంటితో చదువునప్పుడు దుఃఖకరమైన పుటను తొందరగా దాటిపోవుట మన అలవాటు. చెవికి అట్టి స్వాతంత్ర్యము లేదు. చదువువాని వేగమే మన వేగము. దుడ్డుకర్ర దెబ్బలను ఒక్కొక్కటిగా వినవలసి వచ్చెను. అందుచేతనే తరువాత వచ్చిన దయ మాకు మరింత తీయగా నుండెను.

3. ఒక యువకుని ప్రశ్న

మా సంఘమునుండి అమీర్‌పేటకు చదువుకొన వెళ్లిన యువకుడొకడు ఇంగ్లీషు చెవికి అలవాటగుటకై ఈ నవలను వినెను. చివరి అధ్యాయము రైలులో వినుచు, పంజగుట్టలో దిగవలసినవాడు దిగలేక, ముఖమునకు చేతిరుమాలు అడ్డము పెట్టుకొని ఎల్.బి.నగరు వరకు పోయెనట. అతడు మమ్ము ఇట్లడిగెను: "అయ్యగారూ, నిరుడు మా నాన్న చనిపోయినప్పుడు నాకు కంట నీరు రాలేదు. పెద్దకొడుకును గనుక పెట్టె, సమాధి, చుట్టముల భోజనములు, అన్నియు నేనే చూచితిని. ఇప్పుడు ఎన్నడును లేని ఒక మనుష్యుడు చనిపోయెనని కుక్క కథకు ఏడ్చితిని. నాది రాతిగుండెయా? లేక ఇది వెఱ్ఱితనమా?"

ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నాతాను దావీదునొద్దకు వచ్చినప్పుడు నేరుగా నేరము మోపలేదు. ఒక దరిద్రునికిని, అతని యింట కుమార్తెవలె పెరిగిన ఒక గొఱ్ఱెపిల్లకును కలిగిన కథ చెప్పెను. తన పాపమును గూర్చి కదలని రాజు గొఱ్ఱెపిల్లను గూర్చి మండిపడెను. మూసియున్న హృదయమునకు కథ ప్రక్క వాకిలివంటిది. ముందు వాకిట మనము కావలి యుందుము. ప్రక్క వాకిట ఉండము. మన ప్రభువును తన ఉపమానములను ఇట్లే చెప్పెను.

కాబట్టి మేము ఆ యువకునితో ఇట్లంటిమి: "బాబూ, నీది రాయి కాదు. నీవు చేయవలసిన పని యుండెను; చేసితివి. ఏడ్పు నీకొరకు కనిపెట్టుకొని యుండెను. కుక్క కథ దానికి దారి చూపెను. ఇప్పుడు ఆ కన్నీటిని రైలులోనే విడిచిపెట్టక, మీ అమ్మయొద్దకు తీసికొని పొమ్ము." ఆ ఆదివారము అతడు తల్లికి ఫోను చేసెను. భర్త పోయిన తరువాత కుమారుడు ఆయన పేరెత్తుట అదే మొదటిసారియని ఆమె మాతో చెప్పెను. వారి మిరప చేనికి కావలియుండిన కుక్క ఇంకను సాయంకాలమున గట్టుమీదికి పోయి పండుకొనుచున్నదని ఆమె అతనికి తెలిపెనట. ఇద్దరును చాలసేపు మాటలాడుకొనిరి.

4. వినువారికి మూడు హెచ్చరికలు

మొదటిది, రచయిత చెప్పినదంతయు సత్యమని యెంచవద్దు. థార్న్‌టన్‌ను చంపినట్లు చెప్పబడిన యీహాట్లు కల్పిత జాతి. అక్కడి ఆదివాసులను రచయిత క్రూరులుగా మాత్రమే చూపెను. కుక్కకు ఇచ్చిన మనస్సును వారికి ఇయ్యలేదు. ప్రతి మనుష్యుడును దేవుని స్వరూపమందు చేయబడెనని నమ్ము మనము దీనిని అంగీకరింపరాదు.

రెండవది, కథలోని కుక్కను ప్రేమించి వీధిలోని కుక్కను గూర్చి అజాగ్రత్తగా నుండవద్దు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించెను. ఆ తలిదండ్రుల దుఃఖము ఎదుట కుక్కల మంచితనమును గూర్చి ఉపన్యసించుట తగదు. అట్లని రాళ్లతో కొట్టుటయు విషము పెట్టుటయు నీతిమంతుని పని కాదు. కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సయు టీకాలును చేయించుటయే 2023 నాటి కేంద్ర నియమములు చూపు మార్గము. కుక్క కరచినయెడల గాయమును వెంటనే సబ్బుతోను పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యునియొద్ద టీకా వేయించుకొనవలెను. పసరు మందులతో కాలము గడుపవద్దు. రేబిస్ లక్షణములు కనబడిన తరువాత ప్రాణము దక్కుట అరుదు.

మూడవది, చెవులు రెండును మూసికొని రోడ్డు దాటవద్దు. పంజగుట్ట కూడలిలో వాహనముల హారను వినబడనివానికి ప్రాణాపాయము కలదు. అదే రీతిగా, హాస్టలు గదిలో ప్రక్క మంచముమీది స్నేహితుడు పిలుచునప్పుడు వినబడని చెవి కథలు వినియు ప్రయోజనము లేదు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఎజ్రా చదువగా విని ప్రజలు ఏల యేడ్చిరి? లేవీయులు వారినెట్లు ఓదార్చిరి?

2. మీ యింట చూపు మందగించిన పెద్దలున్నారా? వారికి ఈ వారము ఏ పుస్తకము చదివి వినిపింపగలరు?

3. లాజరు కురుపులను నాకిన కుక్కలను గూర్చి లూకా 16వ అధ్యాయములో చదువుడి. ధనవంతుడు చేయని దేనిని అవి చేసినవి?

4. మీరు ఏడ్వవలసియుండి ఏడ్వని దుఃఖమేదైన ఉన్నదా? దానిని ఎవరితో చెప్పుకొందురు?