కాగితంతో పులిజూదం: మూడు పులులు, పదిహేను మేకలు

పులిజూదం మనకు కొత్త ఆట కాదు. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. చింతగింజలు, గులకరాళ్లు ఉండగా కాగితం బొమ్మలెందుకని అన్నలు అడగవచ్చు. హాస్టల్లో కొన్న ఆట ఏదైనా నాలుగు కాయలు పోగానే మూలన పడుతుంది. మనం చేసుకున్న సెట్టులో మేక పోతే పది నిమిషాల్లో ఇంకో మేక పుడుతుంది. పైగా తొమ్మిది, పది తరగతుల్లో శంకువు లెక్క చూసి భయపడే తమ్ముళ్లకు ఆ శంకువే చేతికి వస్తుంది. అందుకే మేము చేసిన సెట్టు కొలతలు ఇక్కడ రాస్తున్నాం.

ముందు పటం. కత్తెర తర్వాత. బొమ్మ ఎంత ఉండాలో పటమే చెబుతుంది. చార్టు మీద పైన ఒక బిందువు పెట్టి, 48 సెం.మీ. కింద 36 సెం.మీ. అడ్డగీతను ఊహించుకోండి. దాని మీద 12 సెం.మీ. ఎడంగా నాలుగు బిందువులు పెట్టి, పై బిందువు నుంచి నాలుగు గీతలు దింపండి. పైనుంచి 12, 24, 36 సెం.మీ. దగ్గర, 40 సెం.మీ. పొడవున మూడు అడ్డగీతలు గీసి, వాటి చివరలను రెండు పక్కలా నిలువు గీతలతో కలపండి. అడ్డగీతకు ఆరు చొప్పున పద్దెనిమిది, పైన ఒకటి, కింద నాలుగు, మొత్తం 23 స్థానాలు.

ఇప్పుడు మొదటి అడ్డగీత చూడండి. శిఖరానికి పావు దూరంలో ఉంది కాబట్టి 12లో పావు, అంటే నడిమి నాలుగు స్థానాల మధ్య ఎడం 3 సెం.మీ. మాత్రమే. బొమ్మ అడుగు అంతకంటే తక్కువే ఉండాలి.

మేకకు 4 సెం.మీ. వ్యాసార్ధంతో పావు వృత్తం గీసి, ఒక అంచుకు అర సెం.మీ. జిగురు పట్టీ వదిలి కత్తిరించండి. ఆ పావు వృత్తపు చాపం పొడవు 2π సెం.మీ. చుట్టగానే అదే శంకువు అడుగు చుట్టుకొలత అవుతుంది కనుక అడుగు వ్యాసార్ధం 1 సెం.మీ. ఏటవాలు ఎత్తు 4. పైథాగరస్ ప్రకారం ఎత్తు √15, సుమారు 3.9 సెం.మీ. స్కేలుతో కొలిచి చూసుకోండి, సరిపోతుంది! పులికి వ్యాసార్ధం 5 తీసుకోండి. అడుగు వ్యాసం 2.5, ఎత్తు సుమారు 4.8. రెండు పులులు పక్కపక్కన నిలిచినా తగులుకోవు. పట్టీలతో కలిపి ఒక్కో వృత్తంలో మూడు మేకలు వస్తాయి, కాబట్టి ఐదు వృత్తాలు చాలు.

పాత శుభలేఖల అట్ట దీనికి బాగా పనికొస్తుంది. నోటుబుక్కు కాగితం పలుచన, పుస్తకం అట్ట చుట్టేటప్పుడు విరుగుతుంది. మైదా ఉడికించిన జిగురు చాలు. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, చిన్నపిల్లలు ముట్టుకునే బొమ్మల్లో వద్దు. ఎండలో బాగా ఆరబెడితే సరి.

ఖాళీ శంకువు ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. ఆరిన బంకమట్టి ఉండను జిగురుతో అడుగు బిళ్ల మీద అతికించి, దానిపై శంకువు మూయండి. బరువు కిందనే ఉండాలి, పైకి పోతే బొమ్మ పడిపోతుంది. పులికి పసుపు రంగు, నల్ల చారలు, మేకకు మడిచిన కాగితం కొమ్ములు. ఈ పని చిన్న తరగతుల వాళ్లకు వదిలేయండి, మనకంటే బాగా చేస్తారు.

పదిహేను మేకలూ పటం మీదికి దిగేదాకా ఏ మేకా కదలకూడదు. ఒక్కటీ చావకుండా అన్నీ దిగితే ఖాళీలు ఐదే. అసలు ఆట అక్కడే.

అట్టతో కత్తిరించిన రెండు నమూనాలనూ కవరులో పెట్టి ఆటల పెట్టెలో ఉంచాం. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పాత శుభలేఖలు తెచ్చిస్తే మరో నాలుగు సెట్లు చేస్తాం.