తుప్పుపట్టి బిగిసిన కమాను బోల్టులను ఊడదీయుట

మాసూళ్ళు ముగిసి ధాన్యము ఇల్లు చేరగానే ట్రాక్టరు ట్రక్కును చెట్టు క్రిందికి తోసివేయుట మనకు అలవాటు. మరల తొలకరికి ఎరువు తోలబోవునప్పుడు చూచినచో కమాను పట్టీ ఒకటి విరిగి ఉండును. దానిని మార్చుదమని యు-బోల్టు నట్టుకు పానా వేసినచో నట్టు కదలదు. అప్పుడు పానాకు నాలుగడుగుల గొట్టము తొడిగి ఇద్దరు మనుష్యులు వ్రేలాడుదురు. నట్టు మూలలైనా అరిగిపోవును, బోల్టయినా తెగును, లేదా పానా జారి వ్రేళ్ళ కణుపులు చితుకును. ఈ పనికి బలము కంటె వ్యవధి ముఖ్యము. తొలకరికి వారము ముందే మొదలుపెట్టిన రైతుకు ఇది కష్టమైన పని కాదు.

నట్టు ఎందుకు బిగియునో తెలిసికొన్నచో మిగిలినది సులభము. ఇనుము, నీరు, గాలి కలిసిన చోట తుప్పు పుట్టును. తుప్పు తాను తినివేసిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. నట్టు మరకు, బోల్టు మరకు నడుమనున్న వెంట్రుకవాసి సందులో అది పెరిగి, మేకు దిగగొట్టినట్లు బిగించివేయును. ఉప్పు తగిలినచో ఇది మరింత త్వరగా జరుగును. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తోలిన ట్రక్కులోను, రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన ట్రక్కులోను కమానులు ముందుగా పాడగుటకు కారణమిదే. అట్టి బరువు దించిన సాయంత్రమే అడుగు భాగమును మంచినీటితో కడిగినచో చాలవరకు తప్పించుకొనవచ్చును.

పానా పట్టుటకు ముందు ట్రక్కును ఎత్తి నిలుపు విషయము. నా చిన్నతనములో మా నాన్నగారు చేనిగట్టు ప్రక్కన మెత్తని నేలపై జాకీ పెట్టి చక్రము ఊడదీసినారు. జాకీ ఒరిగి ట్రక్కు క్రిందికి వచ్చినది. ఊడదీసిన చక్రమును చాసి క్రిందికి దొర్లించి ఉంచుటచేత ఆయన చేయి దక్కినది. కావున గట్టి నేలపై నిలిపి, ఎదుటి చక్రములకు ముందు వెనుకల చెక్కలు వేసి, ఎత్తిన తరువాత చాసి క్రింద గట్టి కొయ్య దిమ్మెలు పేర్చవలెను. ఇటుకలు పెట్టరాదు, అవి ఒక్కసారిగా పగులును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు.

చాసిని దిమ్మెలపై నిలిపిన తరువాత జాకీని ఇరుసు క్రింద పెట్టి కొంచెము ఎత్తుచు, దించుచు చూడవలెను. ఒక ఎత్తున కమాను పిన్నుపై బరువు పూర్తిగా తేలిపోవును. బరువు ఉన్నంతసేపు ఎంత కొట్టినను రాని పిన్ను, ఆ ఎత్తున కదులుట చాలసార్లు చూచినాను.

ఇక నూనె పట్టించుట. నట్టుకు బయట మిగిలియున్న మరను ముందుగా తీగ బ్రష్షుతో ఇనుము కనబడువరకు శుభ్రము చేయవలెను. ఈ మట్టి, తుప్పు అట్లే ఉన్నచో వదులైన నట్టు కూడ అక్కడికి వచ్చి మరల బిగియును. గేరు ఆయిలు వంటి చిక్కని నూనె సందులోనికి పోదు. బజారులో దొరకు తుప్పు వదలించు స్ప్రే మంచిది. లేదా పవరు స్టీరింగులో పోయు పలుచని నూనెను, ఎసిటోనును సమపాళ్ళలో కలిపి వాడవచ్చును. అది వెంటనే అంటుకొను సరుకు గనుక దగ్గర బీడీ వెలిగించరాదు. ఉదయము, సాయంత్రము రెండు రోజులు పట్టించి, ప్రతిసారి నట్టుకు ఒక ప్రక్క బరువైన సుత్తి ఆనించి ఎదుటి ప్రక్క చిన్న సుత్తితో పది పదిహేను దెబ్బలు వేయండి. ఆ అదురునకు తుప్పు పగిలి నూనె లోనికి దిగును.

పానా నట్టుకు సరిగా పట్టవలెను. పాత జీపులు, పాత ట్రక్కులలో అంగుళముల కొలత బోల్టులుండును. 7/8 అంగుళము అనగా సుమారు 22.2 మిల్లీమీటర్లు, దానికి 24 పానా వేసినచో మూలలు పోవును. నోరు తెరచిన పానా వద్దు. ఆరు మూలల సాకెట్టు ఉత్తమము. నట్టు మీ ముఖమునకు ఎదురుగా ఉన్నప్పుడు గడియారపు ముల్లుకు వ్యతిరేకముగా త్రిప్పవలెను. పైనుండి చేయి పెట్టి క్రిందనున్న నట్టును త్రిప్పువారు దిక్కు తారుమారై మరింత బిగించుట నవ్వుకొను విషయమే గాని తరచు జరుగును. ముందు వెంట్రుకవాసి బిగించి, తరువాత వదిలించండి. అర చుట్టు వచ్చిన పిమ్మట పావు చుట్టు వెనుకకు త్రిప్పి, నూనె వేసి, మరల ముందుకు. కిర్రుమన్నచో ఆగండి.

అప్పటికిని కదలనిచో వేడి. నూనె పూర్తిగా తుడిచి, నట్టును మాత్రము గ్యాసు మంటతో కాల్చవలెను; బోల్టును కాదు. 16 మిల్లీమీటర్ల రంధ్రము 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడి పెరిగినచో సుమారు 0.06 మిల్లీమీటరు వెడల్పగును. పట్టు విడుచుటకు తరచు అంతే చాలును. మంట తీసిన తరువాత మైనపువత్తిని సందుకు తాకించినచో మైనము కరిగి లోనికి పీల్చుకొనును. కమాను పట్టీలను మాత్రము ఎర్రగా కాలనీయరాదు; ఉక్కు పదును పోయి బరువుకు వంగిపోవును. రబ్బరు బుష్ కాలును. జింకు పూత బోల్టు కాలినప్పుడు వచ్చు తెల్లని పొగ పీల్చరాదు.

ఇంత చేసినను రానిచో కోయించండి. యు-బోల్టులను ఒకసారి విప్పిన తరువాత తిరిగి వాడరాదు గనుక, వాటికొరకు మూడవ రోజు కూడ పాడుచేసికొనుటలో అర్థము లేదు. నట్టును ఉలితో చీల్చుటకైనను, గ్రైండరుతో కోయుటకైనను కళ్ళద్దాలు తప్పనిసరి. పట్టీల నడిమి బోల్టును తీయబోవునప్పుడు కట్టను రెండు బిగింపులతో పట్టించియుంచండి. లేనిచో పట్టీలు చిమ్ముకొని ముఖమునకు తగులును.

కొత్త బోల్టుల మరకు గ్రీజు పూసి, చక్రములు నేలపై ఆనిన తరువాత మూల నుండి మూలకు కొద్దికొద్దిగా బిగించవలెను. గ్రీజు పూసిన మర తక్కువ బలముతోనే ఎక్కువ బిగియును. కనుక గొట్టము తొడుగవద్దు. మొదటి బరువు తోలి వచ్చిన రోజున నాలుగు నట్టులను మరల ఒకసారి బిగించి చూడండి.