ఇంటి బీమా – మన గాలివాన

ఇన్సూరెన్సు అనగానే మనవాళ్ళకు ఎల్.ఐ.సి. ఏజెంటే గుర్తుకొస్తాడు. ఇంటికి కూడా ఇన్సూరెన్సు ఉంటుందని, ఆ కాగితం మా ట్రంకుపెట్టెలోనే పడి ఉందని, గాలివాన వచ్చి పోయిన తర్వాతగానీ మాకు తెలియలేదు. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టినప్పుడు నాయన సంతకాలు పెట్టిన కాగితాల్లో అదొకటి.

కడప జిల్లాకు సముద్రమే లేదు, మనకు తుఫానేమిటి అని అడగవచ్చు. పులివెందుల వైపు అరటి రైతునడగండి, చెబుతాడు. ఎండాకాలంలో పగలంతా నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. సాయంత్రానికి నల్లమబ్బు కమ్ముతుంది. అందులో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి నాలుగు దిక్కులా పరుగెత్తుతుంది. అరగంటలో గెలలతో ఉన్న తోట నేలమట్టం. (పంటకు పంటల బీమా వేరే ఉంది. ఇంటి బీమా అరటిచెట్టుకు పైసా ఇవ్వదు.)

ఫిజిక్సు విద్యార్థిని గనుక ఒక చిన్న లెక్క చెప్పకుండా ఉండలేను. గాలివేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని వర్గం చేసి 0.6తో గుణిస్తే, చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో వస్తుంది. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు. ఒత్తిడి 375 న్యూటన్లు, అనగా సుమారు 38 కిలోల బరువు. మూడు చదరపు మీటర్ల రేకు మీద అది 115 కిలోల దాకా పోతుంది. వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. పైగా కప్పు మీదుగా పోయే గాలి రేకును కిందికి తొక్కదు, పైకి పీలుస్తుంది. ముందు తెరిచిన కొట్టమైతే లోపల దూరిన గాలి కూడా పైకే తోస్తుంది. మేమేమో నాలుగు రాళ్ళు పెట్టి నిశ్చింతగా ఉన్నాము!

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం వసారా రేకులు, పశువుల కొట్టం రేకులు లేచిపోయాయి. ప్రహరీ గోడ ఒక పక్క కూలింది. తెల్లారేసరికి చిన్నాయన వాళ్ళు, పక్కింటివాళ్ళు అందరూ వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. సాయంత్రానికి కొత్త రేకులు ఎక్కాయి. వంగిపోయిన రేకులు ప్రొద్దుటూరులో పాత ఇనుము అంగడికి పోయాయి. ఇంత తొందరగా బాగు చేసుకున్నామని అందరం మురిసిపోయాము. నాలుగో రోజు సర్వేయరు వచ్చి, “దెబ్బ ఎక్కడ తగిలింది?” అన్నాడు. చూపించడానికి ఏముంది? “గాలి ఎత్తకపోయింది సార్” అన్నాడు నాయన. ఆయన చెడ్డవాడు కాదు. ఫోటో ఉందా, రేకు ముక్క ఉందా అని రెండుసార్లు అడిగాడు. కొట్టమైతే కాగితంలోనే లేదు, అప్పు తీసుకున్నాక కట్టింది. చివరకు కూలిన ప్రహరీకి మాత్రం డబ్బు వచ్చింది. తీరిక లేక దాన్ని అట్లే వదిలేశాము గనుక!

అప్పుడు కూర్చొని ఆ కాగితం చదివాను. 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలు ఇళ్ళకు ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిర్ణయించింది. అగ్ని, పిడుగు, భూకంపం, తుఫాను, గాలివాన, వరద అన్నీ అందులో ఉన్నాయి. పేరు పెట్టిన తుఫానే కానక్కరలేదు, మన వైశాఖపు గాలి చాలు. సర్కారు సాయం అట్లా కాదు. విపత్తు సాయానికి కేంద్రం గుర్తించిన జాబితాలో తుఫాను, వరద, వడగండ్లు ఉన్నాయిగానీ ఉత్త ఈదురుగాలి లేదు. రాష్ట్రం స్థానిక విపత్తుగా చేర్చుకుంటేనే దానికి సాయం. ఇచ్చినా ఎంత? 2022-26 లెక్కల ప్రకారం పక్కా ఇంటికి కనీసం 15 శాతం దెబ్బ తగిలితే 6,500 రూపాయలు, ఇంటికి ఆనుకొన్న పశువుల కొట్టానికి 3,000.

బీమా మొత్తం కట్టేది స్థలం ధర మీద కాదు, తిరిగి కట్టే ఖర్చు మీద. ఉదాహరణకు 800 చదరపు అడుగులు, అడుగుకు 1,800 అనుకుంటే 14,40,000 రూపాయలు. ఇంట్లో సామానుకు అందులో 20 శాతం, పది లక్షలు మించకుండా, దానంతటదే చేరుతుంది. నగదు మాత్రం ఈ సామాను కిందికి రాదు.

అసలు చిక్కు మన ఇళ్ళ తీరులో ఉంది. ముందు నాపరాళ్ళ మిద్దె, పక్కన రేకుల వసారా, వెనుక బోదకొట్టం. అన్నీ కలిపి మనకు ‘ఇల్లు’. పాలసీకి అట్లా కాదు. గోడగానీ కప్పుగానీ గడ్డి, ఆకులు, వెదురు, చెక్క, టార్పాలిన్ వంటివైతే అది కచ్చా. రేకు ఆ జాబితాలో లేదు. ప్రహరీ, గేటు, నీళ్ళ ట్యాంకు ఇంటిలో భాగమే. బయటి గది మనుషులుండేదైతేనే లెక్క, ఎద్దులుండే కొట్టాన్ని విడిగా చెప్పి రాయించాలి. ఏళ్ళ తరబడి కారుతున్న మిద్దె ఆ వానకు ఇంకొంచెం కారిందంటే ఒప్పుకోరు.

ఇంకొక సంగతి. నష్టం మరింత పెరగకుండా చూసుకోవడం మన బాధ్యతేనని పాలసీ చెబుతుంది. కాబట్టి పట్ట కప్పడం తప్పు కాదు. కప్పేముందు నాలుగు వైపుల నుండి ఫోటోలు తీయాలి, వెంటనే కంపెనీకి తెలపాలి, విరిగినవి సర్వేయరు చూసేదాకా ఒక మూలన పెట్టాలి. 30 రోజుల్లోగా క్లెయిము ఫారం ఇవ్వాలి. కొత్త రేకులకు, కూలీకి రసీదులుండాలి. మావాళ్ళకు రసీదు అడగడమంటే నామోషీ!

పాలసీ తిరిగి రాయించేటప్పుడు నాయనా నేనూ టేపు పట్టుకొని ఇల్లంతా కొలిచాము. రేకులకు రాళ్ళు తీసేసి కొక్కెం బోల్టులు బిగించాము. ఫారంలో కొట్టానికి గడి లేదు. దాని కొలతలు వెనుకవైపు రాసి, ఫోటో అంటించి, బ్యాంకులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకొని వచ్చాము. ఆ కాగితం ఇప్పుడు ట్రంకుపెట్టెలో లేదు. మా అమ్మ దాన్ని రేషన్ కార్డు పక్కన పెట్టింది.